వెనక్కి తిరిగిన బాతులు

స్కూలు బస్సు ఉదయం ఆరూ నలభైకి వస్తుంది. అరుణశ్రీ ఎక్కి కిటికీ పక్కన కూర్చుంటుంది. నాలుగో క్లాసుకి వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల చెయ్యి ఊపడం మానేసింది. బస్సు మలుపు తిరిగేదాకా ఆ ఇంట్లో పనిచేసే కోటేశ్వరి నిలబడి చూస్తుంది. తర్వాత లిఫ్టు వైపు కాకుండా చెరువు వైపు నడుస్తుంది. పిల్ల తల్లి లత తయారై ఆఫీసుకి బయల్దేరేసరికి ఏడున్నర అవుతుంది. ఆమె టిఫిను బల్ల మీద మూతపెట్టే ఉంటుంది కాబట్టి ఆ అరగంట ఏమైందని ఎవరూ అడగరు.

సింగపూరులోని ఈ యీషున్ చెరువుకి ఒక పక్క ఆసుపత్రి, మిగతా పక్కల ఫ్లాట్ల బ్లాకులు. చుట్టూ కాలిబాట. నీళ్ళ మధ్య రెల్లు పెంచిన చిన్న దిబ్బలున్నాయి. ఆ రెల్లులోంచే ఆగస్టు మొదటి వారంలో ఒక ఉదయం రెండు అడవిబాతులు బయటికి వచ్చాయి. గోధుమరంగు ఒళ్ళు, సన్నటి మెడలు. వాటి మధ్య తొమ్మిది పిల్లలు, ఒకదాని వెనక ఒకటి, దారానికి గుచ్చినట్టు.

కోటేశ్వరి కాలిబాట మీద ఆగిపోయింది. బాతులు ఆమెకి కొత్త కాదు. కొల్లేటి పక్క పల్లెలో పుట్టింది. ఆమె నాన్న నాలుగొందల బాతుల మందని మేపేవాడు. వరికోతలయ్యాక చేలల్లో రాలిన గింజలకీ నత్తలకీ మందని ఊరి నుంచి ఊరికి తోలుకుపోయేవాళ్ళు. రాత్రికి గట్టు మీద వల కట్టి లోపల మూసేవాళ్ళు. తెల్లవారి ఆ వలలో గుడ్లు ఏరడం ఆమె పని. ఎనిమిదో క్లాసు పూర్తయ్యేదాకా, సెలవులన్నీ అలాగే గడిచాయి.

అంతకాలం బాతుల మధ్య ఉన్నా, పిల్లల్ని వెంటబెట్టుకున్న బాతుని ఆమె ఎన్నడూ చూడలేదు. మంద బాతు గుడ్డు పెట్టి లేచి వెళ్ళిపోతుంది. పొదగదు. ఆ గుడ్లని కోళ్ళ కింద పెట్టేవారు. పిల్లలు లేచాక కోడి దగ్గర నాలుగు రోజులుంచి, ఊక పోసిన గంపలో బల్బు కింద పెంచేవారు. వాటికి నానబెట్టిన నూకలు పెట్టేది మనిషి, పిలిచేది మనిషి, చీకటి పడితే లోపల వేసేది మనిషి. పిల్ల ఒకటి కాలవలో వెనకబడితే ఏ బాతూ తిరిగి చూడదు. మనిషే వెనక్కి వెళ్ళి దాన్ని ఒళ్ళో వేసుకుని రావాలి. లేకపోతే గంటలో చలికి బిగుసుకుపోతుంది. బాతుకి తల్లితనం లేదని నాన్న అనేవాడు. దాన్ని ఆమె తప్పుగా ఎప్పుడూ అనుకోలేదు. అది బాతు తీరు, అంతే.

అందుకే ఇప్పుడు చూస్తున్నది ఆమెకి నమ్మబుద్ధి కాలేదు. ఒక బాతు ముందు, ఒక బాతు వెనక. వెనకది మెడ ఎత్తి ఆకాశం కేసి చూస్తోంది. పిల్లలు తామరాకుల సందుల్లో ముక్కులు ముంచుతుంటే రెండూ తినకుండా కాపలా కాస్తున్నాయి.

"రెండూ పెంచుతాయి లా. అప్పా అమ్మా ఇద్దరూ," అన్నాడు బెంచీ మీద కూర్చున్న ముసలాయన. అలా ఆమెకి కృష్ణమూర్తి పరిచయమయ్యాడు.

ఆయన తండ్రి అనకాపల్లి వైపు నుంచి మలయా రబ్బరు తోటలకి వచ్చాడట. ఈయన జొహోర్‌లో పుట్టి, తంజోంగ్ పగార్ రేవులో క్రేను నడిపి రిటైరయ్యాడు. డెబ్భై ఆరేళ్ళు. ఆయన తెలుగులో సగం తమిళం, మధ్యమధ్యలో మలాయ్, మాట చివర ఇక్కడివాళ్ళందరూ అనే 'లా'. ఉదయం పూట ఆమెని చూడగానే "మకాన్ అయిందా?" అని అడిగేవాడు. తిన్నావా అని. లేదంటే, వండేవాళ్ళకి ఎప్పుడూ ఆకలేననేవాడు. బాతుల గురించి తప్ప వాళ్ళిద్దరూ వేరే మాట్లాడుకున్నది తక్కువ. ఆయన ఒంటరిగా ఉంటాడని మాత్రం, సాయంత్రం కూడా అదే బెంచీ మీద కనిపించడంతో ఆమెకి తెలిసింది.

తొమ్మిది పిల్లలు నాలుగు రోజులకి ఏడయ్యాయి. ఒకదాన్ని ఉడుము పట్టుకుపోయిందని కృష్ణమూర్తి చెప్పాడు. రెండోదాన్ని కొర్రమేను మింగడం ఆమె కళ్ళారా చూసింది. నీళ్ళు ఒక్కసారి గిర్రున తిరిగాయి, అంతే. ఆ రోజంతా ఆ బాతులు చెరువు నడిమికి రాలేదు.

ఈ రోజుల్లోనే కోటేశ్వరి ఇంకొకదాని కోసం ఎదురుచూస్తోంది. ఆమె వర్క్ పర్మిట్ సెప్టెంబరు పద్దెనిమిదితో అయిపోతుంది. రెండేళ్ళకోసారి దాన్ని పొడిగించాలి. ఇప్పటికి నాలుగుసార్లు పొడిగించారు. ప్రతిసారీ లత భర్త హరికృష్ణ రెండు నెలల ముందే కాగితాలు తెచ్చి, "కోటేశ్వరక్కా, ఇక్కడ సంతకం" అని వేలు పెట్టి చూపించేవాడు. ఈసారి జులై గడిచింది, ఆగస్టు సగమయ్యింది. ఆయన జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంటు పనికి చీకటితో వెళ్ళి చీకటి పడ్డాక వస్తాడు. వచ్చినా టీవీ చూస్తూ తినేసి పడుకుంటున్నాడు. కాగితాల మాట లేదు.

ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఒక రంగుల కాగితం మాత్రం వచ్చింది. స్కూలు వదిలాక పిల్లల్ని సాయంత్రం ఏడు వరకు చూసుకునే సెంటరుది. భోజనం, హోంవర్కు, డ్రాయింగు. పెద్దక్షరాల ఇంగ్లీషు ఆమె చదవగలదు. చదివింది. ఎవరినీ అడగలేదు.

అడిగితే ఒక జవాబు వస్తుంది. అడగనంతకాలం ఇంకా ఏదీ తేలలేదన్నమాట.

అరుణశ్రీ ఐదు నెలల పిల్లగా ఉన్నప్పుడు ఆమె ఈ ఇంటికి వచ్చింది. అప్పుడు ఆమెకి ముప్పై ఎనిమిదేళ్ళు. పెళ్ళయిన ఆరో ఏట భర్త జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. భీమవరంలో ఒక నర్సింగ్ హోములో ఆయాగా పదేళ్ళు చేసింది. అక్కడికి వచ్చిన ఒక ఏజెంటు సింగపూరు మాట చెప్పాడు. ఊళ్ళో ఇప్పుడు అన్నగారి ఇల్లుంది. ఆయన ఫోనులో మర్యాదగానే మాట్లాడతాడు. ఎప్పుడొస్తున్నావని మాత్రం అడగడు.

అరుణశ్రీ మొదటి మాట తెలుగు. అన్నం తినేది, నిద్రపోయేది, మారాం చేసేది అన్నీ తెలుగులోనే. ఐదో ఏట దాకా కోటేశ్వరి చీర కొంగు పట్టుకోనిదే ఆ పిల్ల లిఫ్టు ఎక్కేది కాదు. ఇప్పుడు తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. బాత్‌రూము తలుపు గడియ వేసుకుంటుంది. మధ్యాహ్నం వచ్చి అన్నం తిని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని తన బల్ల దగ్గర కూర్చుంటుంది. ఇద్దరిదీ ఒకే గది. కోటేశ్వరి బట్టలు మడతపెడుతూ ఆ వీపుకేసి చూస్తూ కూర్చుంటుంది. పిల్ల తప్పేమీ లేదు. వయసు అది.

ఆగస్టు ఇరవై ఒకటి, గురువారం తెల్లవారుజామున గాలివాన వచ్చింది. సుమత్రా దిక్కునుంచి వచ్చే వాన ఒక గంట విరుచుకుపడి, ఏమీ జరగనట్టు ఆగిపోతుంది. బస్సు వెళ్ళేసరికి తుంపర కూడా లేదు. చెరువులోకి నీళ్ళు దింపే సిమెంటు కాలవ పొంగి పారుతోంది.

ఆ కాలవ లోపలినుంచి ఆమెకి అరుపు వినిపించింది. వంగి చూస్తే బాతుపిల్ల. ఎలా కొట్టుకొచ్చిందో, గోడ పక్కన చిక్కుకున్న కొమ్మల మీద నిలబడి ఒళ్ళంతా తడిసి అరుస్తోంది. దూరంగా చెరువు అవతలి వైపు రెండు బాతులూ ఆరు పిల్లలతో రెల్లులోకి పోతున్నాయి. ఒక్కటీ వెనక్కి తిరగలేదు.

కృష్ణమూర్తి బెంచీ ఖాళీగా ఉంది. తడి బెంచీ మీద ఆయన కూర్చోడు.

ఆమె పెద్దగా ఆలోచించలేదు. చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు పైకి దోపి కాలవలోకి దిగింది. పిల్లని పట్టుకుని కొంగుతో తుడిచి, కూరల సంచీలో తువ్వాలు మధ్య పెట్టింది. చిన్నప్పుడు అలాంటివి ఎన్ని తెచ్చిందో. మరో గంట ఆగితే చచ్చిపోతుందని ఆమెకి అనుమానం లేదు.

లత వెళ్ళిపోయాక చెప్పుల అట్టపెట్టెలో కాగితాలు చింపి పరిచింది. అరుణశ్రీ చదువుకునే దీపం తెచ్చి పెట్టె మీదికి వంచింది. గుప్పెడు బియ్యం దంచి నానబెట్టింది. పిల్ల మొదట ముట్టుకోలేదు. వేలితో నేల మీద కొడుతూ, నాన్న పిలిచినట్టే గొంతు తగ్గించి "బా బా బా" అంది. ముప్పై ఏళ్ళయింది ఆ పిలుపు ఆమె నోట రాక. రెండుసార్లు పిలిచాక పిల్ల ముందుకి వచ్చి ముక్కు ముంచింది.

రెండింటికి అరుణశ్రీ వచ్చి బూట్లు విప్పుతూనే అరుపు విన్నది. ఆ మధ్యాహ్నం హెడ్‌ఫోన్లు బల్ల మీదే ఉండిపోయాయి. యూనిఫాం కూడా మార్చుకోకుండా వంటగది నేల మీద బోర్లా పడుకుంది. అది ఆడదా మగదా, ఏం తింటుంది, ఎప్పుడు ఎగురుతుందని అడిగింది. కోటేశ్వరికి బాతుల గురించి ఇంత ఎలా తెలుసని అడిగింది. పదేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆమె మంద సంగతి చెప్పింది. చివర కవరు కట్టిన కర్ర ఊపితే నాలుగొందల బాతులు ఒక్కసారి మలుపు తిరగడం, వర్షంలో గట్టు తెగితే వల పట్టుకుని రాత్రంతా నిలబడటం.

"నాలుగొందలా? నిజంగా?" అంది అరుణశ్రీ తెలుగులో. ఆమె మోకాలికి ఆనుకుని కూర్చుంది. "దానికి నిన్ను చూస్తే అమ్మ అనిపిస్తుందేమో ఆంటీ. నువ్వు ఎక్కడికి వెళ్తే అక్కడికే చూస్తుంది."

కోటేశ్వరి లేచి పప్పు కడగాల్సిన వేళయింది. లేవలేదు. ఆ పిల్ల మెడ మీద చెమట వాసన దగ్గరగా తగులుతోంది. ఈ బాతుపిల్ల ఆదివారం దాకా ఇంట్లో ఉంటే చాలనిపించింది. మూడు మధ్యాహ్నాలు. లతకి ఏదోలా చెప్పుకోవచ్చు.

ఐదు దాటాక కరివేపాకు కోసం కిందికి దిగింది. వచ్చేటప్పుడు చెరువు దారిన వచ్చింది. కృష్ణమూర్తి బెంచీ మీద లేడు, కాలవ పక్కన నిలబడి ఉన్నాడు. ఆమెని చూసి మకాన్ మాట అడగలేదు.

"పొద్దున్న ఇక్కడ నువ్వు దిగావని స్వీపరు చెప్పాడు. పిల్లని పట్టుకెళ్ళింది నువ్వేనామ్మా?"

ఆమె తలూపింది. చచ్చిపోయేదని, తల్లి వదిలేసి పోయిందని చెప్పింది.

"వదిలేయలేదు. మిగతావాటిని రెల్లులో దాచి రెండూ తిరిగొచ్చినాయి. పదింటినుంచి ఇక్కడే. ఒకటి నీళ్ళలో, ఒకటి గోడ మీద. ఈల వేసేది, చెవిపెట్టి వినేది, మళ్ళీ వేసేది. చూడు, ఇంకా ఉంది. పావం లా."

ఆయన చూపించిన వైపు చూసింది. కాలవ చెరువులో కలిసే చోట ఒక బాతు ఈదకుండా నిలిచి ఉంది. సన్నగా ఈల వేసింది. ఆగింది. మెడ ఒక పక్కకి వంచింది.

కోటేశ్వరికి ముఖం వేడెక్కింది. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, తనకి బాగా తెలుసనుకున్న ఒకే ఒక్క విషయంలో తప్పు చేసింది. తమ బాతులు వేరు, ఇవి వేరు అని పదిహేను రోజులుగా కళ్ళతో చూస్తూనే ఉంది. అయినా చేతులు తమకి తెలిసిన పనే చేశాయి.

తెచ్చి వదిలితే తీసుకుంటాయా అని ఆయన్ని అడిగితే, తెలియదన్నాడు. చీకటి పడితే మాత్రం అవి రెల్లులోకి వెళ్ళిపోతాయి, తెల్లారేసరికి ఆశ వదిలేస్తాయేమో అన్నాడు.

లిఫ్టులో పదకొండో అంతస్తు దాకా ఆమె ఒకటే ఆలోచించింది. ఆరుగంటలయింది. చీకటి పడటానికి ఇంకో గంట. ఇవాళ్టికి ఉంచి రేపు ఉదయం తీసుకెళ్ళొచ్చు. అప్పుడు ఈ సాయంత్రమంతా వంటగదిలో అరుణశ్రీ తన పక్కన ఉంటుంది. తలుపు తీసేసరికి అరుణశ్రీ పెట్టె ముందు అలాగే పడుకుని, "బా బా" అంటోంది. బాగా పిలుస్తోంది. గొంతు తగ్గించాలని కూడా పట్టేసింది.

కోటేశ్వరి కరివేపాకు గట్టు మీద పెట్టి చెప్పింది. దాని అమ్మా నాన్నా వెతుకుతున్నారని, ఇప్పుడే వెళ్ళాలని.

అరుణశ్రీ ఇంగ్లీషులోకి మారిపోయింది. నువ్వే తెచ్చావు, నువ్వే తీసుకెళ్ళిపోతానంటావు, దిస్ ఈజ్ సో అన్‌ఫెయిర్ లా అంది. ఏడ్చింది. పెట్టె తానే ఎత్తుకుంటానంది. ఎత్తుకోమంది కోటేశ్వరి.

కాలవ గట్టున పెట్టె దించి, పిల్లని నీటి అంచున గడ్డి మీద వదిలారు. అది కదల్లేదు. వెనక్కి తిరిగి కోటేశ్వరి కాళ్ళకేసి రెండడుగులు వేసింది. అరుణశ్రీ ఏడుపు ఆపి ఆశగా చూసింది. కోటేశ్వరి వెనక్కి జరిగింది. కృష్ణమూర్తి చేత్తో సైగ చేసి ఇద్దరినీ చెట్టు దాకా వెనక్కి రప్పించాడు.

పిల్ల అరిచింది. నీళ్ళలోంచి ఈల వినిపించింది. బాతు తొందరపడలేదు. మొదట రెల్లు అంచున కాసేపు ఆగింది. రెండోది ఎక్కడినుంచో ఎగిరి వచ్చి దాని పక్కన దిగింది. అప్పుడు రెండూ కలిసి గట్టు దాకా వచ్చాయి. పిల్ల గడ్డిలోంచి దొర్లినట్టు నీళ్ళలోకి దిగి, వాటి మధ్య చేరింది. అవి దాన్ని ముక్కుతో ముట్టుకోనైనా లేదు. మలుపు తిరిగి ఈదుకుంటూ వెళ్ళిపోయాయి.

"అంతేనా?" అంది అరుణశ్రీ.

అంతేనన్నాడు కృష్ణమూర్తి. ఖాళీ పెట్టె కోటేశ్వరి పట్టుకుంది. దారిలో అరుణశ్రీ చెయ్యి పట్టుకోబోతే, ఆ చెయ్యి జేబులోకి పోయింది.

రాత్రి భోజనాల దగ్గర అరుణశ్రీ తల్లికి అంతా చెప్పేసింది. దీపం, నూకలు, ఏడుపు. హరికృష్ణకి షిఫ్టు పొడిగించారు, ఇంకా రాలేదు. లత వింటూ తినడం ఆపింది. పిల్లని చదువుకోమని గదిలోకి పంపి, గిన్నెలు తీస్తున్న కోటేశ్వరిని కూర్చోమంది. ఆమె కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది.

"అడవి జంతువుల్ని పట్టుకోకూడదు కోటేశ్వరక్కా. చెరువు దగ్గర బోర్డు కూడా ఉంది. ఎవరైనా వీడియో తీసి పెడితే? నీ పర్మిట్ మా పేరు మీద ఉంది. నాకొక్క ఫోన్ చేయొచ్చు కదా."

తప్పేనంది కోటేశ్వరి.

లత కాసేపు బల్ల మీది మెతుకులు ఒక పక్కకి తోసింది. తర్వాత, చూపు ఎత్తకుండా, ఎప్పటినుంచో చెప్పాలనుకుంటున్నానంటూ మొదలుపెట్టింది. అరుణ పెద్దదయింది. స్కూలు తర్వాత సెంటరుకి పంపుదామనుకుంటున్నారు. కోటేశ్వరికి కూడా వయసొస్తోంది, ఊళ్ళో తనవాళ్ళ దగ్గర ఉండొచ్చు. ఇవాళ ఇలాంటిది జరిగాక ఇంకా భయం వేస్తోందని, ఈసారి పర్మిట్ పొడిగించలేమేమోనని అంది. సొరుగులోంచి సెంటరులో చేర్చే దరఖాస్తు కాగితం తీసి, అదేదో రుజువులా బల్ల మీద పెట్టింది. అరుణశ్రీ ఫొటో అతికించి ఉంది. కింద లత సంతకం. పక్కన తేదీ: జులై ముప్పై.

బాతులు అప్పటికి రెల్లులోంచి బయటికి కూడా రాలేదు.

లత కాగితం మీద చెయ్యి పెట్టేసింది. ఆ వేళ్ళు తేదీ దగ్గరే ఆగాయి. కోటేశ్వరి చూసిందో లేదో ఆమెకి తెలియలేదు. ముఖంలోకి చూడటానికి ధైర్యం చేయలేదు. ఆమె చెడ్డది కాదు. కోటేశ్వరికి టైఫాయిడ్ వచ్చినప్పుడు మూడు రోజులు సెలవు పెట్టి గంజి కాచింది. పదేళ్ళు ఇంట్లో ఉన్న మనిషిని వెళ్ళమనడానికి ఆమెకి ఒక కారణం కావలసి వచ్చింది. అది ఇవాళ దొరికింది.

"నాదే తప్పు లతమ్మా," అంది కోటేశ్వరి. "మీరు భయపడటంలో అన్యాయం లేదు. అలా తేకుండా ఉండాల్సింది."

లత భుజాలు కిందికి దిగాయి. కళ్ళు తుడుచుకుంది. టికెట్టు తామే తీస్తామని, అరుణ సెలవుల్లో ఒకసారి ఊరు వస్తామని, ఇంకా చాలా చెప్పింది. అన్నిటికీ కోటేశ్వరి అలాగేనమ్మా అంటూ మిగిలిన పప్పు చిన్న గిన్నెలోకి మార్చింది. చివర్లో లత ఒక మాట అడిగింది. సెంటరు రోజుల్లో తనకి ఉదయం తీరిక ఉండదు, వెళ్ళేలోగా అరుణకి సొంతంగా జడ వేసుకోవడం నేర్పించగలవా అని.

మర్నాటి నుంచి కోటేశ్వరి ఆ పిల్లని పది నిమిషాల ముందు లేపడం మొదలుపెట్టింది. అద్దం ముందు స్టూలు మీద అరుణశ్రీ, వెనక ఆమె. మొదటి రెండు రోజులు ఆ పిల్ల అలిగే ఉంది. మూడు పాయలు విడదీసి చేతికిస్తే వదిలేసేది. కోటేశ్వరి మళ్ళీ తీసి ఇచ్చేది. ఎడమ పాయ మధ్యకి, కుడి పాయ మధ్యకి, బిగించి, మళ్ళీ ఎడమది. ఆ పిల్ల వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి తిప్పేది. టిఫిను పని బస్సు వెళ్ళాకకి జరిగింది, చెరువు దగ్గరికి వెళ్ళడానికి ఇప్పుడు టైము చాలడం లేదు.

రెండో వారంలో జడ సగందాకా నిలిచింది. అద్దంలో నాలుక కొరుక్కుంటూ అరుణశ్రీ కిందికి అల్లుకుంటూ పోతోంది. ఒక పాయ జారబోతే కోటేశ్వరి వేలు అడ్డం పెట్టింది.

"పట్టుకోకు ఆంటీ," అంది అరుణశ్రీ. "నాకు వచ్చు."

కోటేశ్వరి వేలు తీసేసింది. జడ కొంచెం వంకరగా వచ్చింది. రబ్బరు బ్యాండు అందించి, బస్సు టైమైందని చెప్పింది.